రైతుబజారు

రైతుబజారు అనగా రైతులు తాము పండించిన కూరగాయలను, ఆకుకూరలను, పండ్లను దళారుల ప్రమేయం లేకుండా నేరుగా వినియోగదారులకు అమ్ముకొనేందుకు ప్రభుత్వం ఏర్పాటు చేసిన విక్రయ కేంద్రం. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో 1999 జనవరి 26న, నారా చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో ఈ పథకం ప్రారంభమైంది. పండించినవానికి కొంత ఎక్కువ ధర, కొనేవానికి కొంత తక్కువ ధర లభించేలా చూడడం దీని ముఖ్యోద్దేశం. ప్రస్తుతం ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటిలోను రైతుబజార్లు పనిచేస్తున్నాయి. ఒకే పేరు, ఒకే తరహా నియమాలు, ఒకే పాలనా వ్యవస్థ కింద అనేక పట్టణాలలో నడుస్తున్నందున వీటిని ప్రభుత్వ రంగంలోని చిల్లర విక్రయశాలల గొలుసుగా పరిగణించవచ్చును.

ఈ వ్యాసంలో రైతుబజార్ల చరిత్ర, నిర్వహణ, ఆశయాలతో పాటు, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతంలో వాటి స్థానం, పర్యావరణ సంబంధమైన అంశాలు కూడా వివరించబడినవి.

నేపథ్యం

తెలుగు నాట గ్రామీణ వ్యాపారానికి చిరకాలంగా ఆధారం వారపు సంత. చుట్టుపక్కల పది పదిహేను ఊళ్ళవారు వారంలో ఒక నిర్ణీత దినాన ఒకచోట చేరి, పండినది అమ్ముకొని కావలసినది కొనుక్కొనేవారు. సంతలో అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా ఉండేవారు. పట్టణాలు పెరిగిన కొద్దీ ఈ పద్ధతి చాలలేదు. ప్రతిరోజూ కూరగాయలు కావలసిన పట్టణ ప్రజలకు, పొలం విడిచి రోజంతా పట్టణంలో కూర్చోలేని రైతుకు మధ్య టోకు వర్తకులు, కమీషను ఏజెంట్లు, చిల్లర వర్తకులు వచ్చి చేరారు.

వ్యవసాయోత్పత్తుల క్రయవిక్రయాలను క్రమబద్ధం చేయడానికి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 1966లో వ్యవసాయోత్పత్తులు, పశుగణాల మార్కెట్ల చట్టం చేసింది. దీని ప్రకారం మార్కెట్ కమిటీలు, మార్కెట్ యార్డులు ఏర్పడ్డాయి. ధాన్యం, పత్తి, మిరప వంటి నిలువ ఉండే పంటలకు యార్డులు ఉపయోగపడినంతగా కూరగాయలకు ఉపయోగపడలేదు. వంకాయ, బెండకాయ, తోటకూర వంటివి కోసిన రోజునే అమ్ముడుపోవాలి. సాయంత్రానికి వాడిపోయే సరుకును తిరిగి ఇంటికి మోసుకుపోవడం కంటే ఎంతకో ఒకంతకు ఇచ్చివేయడమే రైతుకు మేలు. బేరంలో రైతు బలహీనతకు మూలం ఇదే.

దీనికి తోడు రవాణా ఖర్చు, హమాలీ, కమీషను, తూకంలో తరుగు వంటివన్నీ రైతుకు రావలసిన సొమ్ములోనుంచే తీసివేయబడేవి. అదే సరుకు పట్టణంలో రెండు మూడు చేతులు మారి వినియోగదారునికి చేరేసరికి ధర బాగా పెరిగేది. ఈ రెండు ధరల మధ్య అంతరాన్ని తగ్గించే ప్రయత్నమే రైతుబజారు.

చరిత్ర

రైతులు నేరుగా అమ్ముకొనే మార్కెట్లను ప్రభుత్వం నడపడం దేశంలో అంతకు ముందే ఉన్నది. పంజాబ్ రాష్ట్రంలో 1987లో 'అప్నీ మండీ' పేరుతో ఇటువంటి మార్కెట్లు మొదలయ్యాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో రైతుబజార్లు 1999 జనవరిలో ప్రారంభం కాగా, అదే సంవత్సరం నవంబరులో తమిళనాడు ప్రభుత్వం మదురై నగరంలో తొలి 'ఉళవర్ సందై'ని ప్రారంభించింది. తమిళంలో ఆ పేరుకు అర్థం కూడా 'రైతు సంత' అనే.

హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలతో పాటు జిల్లా కేంద్రాలు, ముఖ్య పట్టణాలలో దశలవారీగా రైతుబజార్లు తెరవబడ్డాయి. హైదరాబాదులో మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, వనస్థలిపురం రైతుబజార్లు, విశాఖపట్నంలో సీతమ్మధార, ఎం.వి.పి. కాలనీ, కంచరపాలెం రైతుబజార్లు పేరు పొందినవి. 2014లో రాష్ట్ర విభజన తరువాత ఇవి రెండు రాష్ట్రాల మార్కెటింగ్ శాఖల కిందికి విడివిడిగా వచ్చాయి. ప్రభుత్వాలు మారినా ఏ ప్రభుత్వమూ ఈ పథకాన్ని రద్దు చేయలేదు. ఒక పార్టీ ప్రభుత్వం ప్రారంభించిన పథకం, పాతికేళ్ళకు పైగా పేరు కూడా మారకుండా కొనసాగడం విశేషం.

ఏర్పాటు, నిర్వహణ

పథకం మార్గదర్శకాల ప్రకారం రైతుబజారు ఏర్పాటుకు పట్టణంలో కనీసం ఒక ఎకరం ప్రభుత్వ స్థలం అవసరం. ఆ స్థలం వినియోగదారులకు అందుబాటులోను, రైతులకు రవాణా సౌకర్యం ఉండేలాగాను చూస్తారు. దుకాణాల నిర్మాణం, నిర్వహణ ఖర్చు మార్కెట్ కమిటీల నిధులనుండి భరించబడుతుంది. రైతులనుండి దుకాణానికి అద్దె గాని, కమీషను గాని వసూలు చేయరు.

అమ్మకానికి వచ్చే రైతుల ఎంపిక ముఖ్యమైన ఘట్టం. మండల రెవెన్యూ అధికారి (తరువాతి కాలంలో తహసీల్దారు), ఉద్యాన శాఖ అధికారి, వ్యవసాయ విస్తరణ అధికారి కలిసిన బృందం కూరగాయలు పండించే గ్రామాలకు వెళ్ళి, పొలాన్ని, పంటను చూసి రైతులను గుర్తిస్తుంది. ఒక్కొక్క రైతుబజారుకు పది స్వయం సహాయక సంఘాలతో కలిపి కనీసం 250 మంది రైతులను ఎంపిక చేయాలని నియమం. ఎంపికైనవారికి ఛాయాచిత్రంతో కూడిన గుర్తింపు కార్డు ఇవ్వబడుతుంది. కార్డు ఉన్న రైతు తన పొలంలో పండిన సరుకును మాత్రమే అమ్మాలి.

కూరగాయలతో పాటు పప్పులు, నూనె, చింతపండు, కారం వంటి నిత్యావసర వస్తువుల దుకాణాలను కొన్నింటిని మహిళా స్వయం సహాయక సంఘాలకు (డ్వాక్రా సంఘాలు) కేటాయిస్తారు. ఉల్లి, బంగాళాదుంప వంటి, స్థానికంగా పండని సరుకులు కూడా ఇటువంటి దుకాణాల ద్వారానే వినియోగదారులకు లభిస్తాయి.

ప్రతి రైతుబజారుకు ఒక ఎస్టేట్ అధికారి ఉంటారు. ఉదయం వచ్చిన రైతులకు స్థలం, తూకపు యంత్రం కేటాయించడం, గుర్తింపు కార్డులను పరిశీలించడం, ధరల పట్టికను ప్రదర్శించడం, పారిశుద్ధ్యం చూడడం వీరి బాధ్యతలు. జిల్లా స్థాయిలో సంయుక్త కలెక్టరు పర్యవేక్షిస్తారు. రాష్ట్ర స్థాయిలో మార్కెటింగ్ శాఖకు అనుబంధంగా రైతుబజార్ల ముఖ్య కార్యనిర్వహణాధికారి ఉంటారు. తొలి సంవత్సరాలలో గ్రామాలనుండి రైతులను, వారి గంపలను తీసుకురావడానికి ఆర్టీసీ ప్రత్యేకంగా బస్సులు నడిపింది.

ధరల నిర్ణయం

రైతుబజారు ప్రవేశం వద్ద ఆ రోజు ధరల పట్టిక నల్లబల్ల మీద వ్రాసి ఉంటుంది. ఈ ధరలను రైతుల ప్రతినిధులు, ఎస్టేట్ అధికారి కలిసి ప్రతిదినం నిర్ణయిస్తారు. సాధారణంగా పాటించే సూత్రం: రైతుబజారు ధర ఆ రోజు టోకు ధర కంటే సుమారు 25 శాతం ఎక్కువగాను, బయటి చిల్లర ధర కంటే సుమారు 25 శాతం తక్కువగాను ఉండాలి.

ఒక ఉదాహరణ ద్వారా దీనిని అర్థం చేసుకొనవచ్చు. బెండకాయల టోకు ధర కిలో 20 రూపాయలు, బయటి చిల్లర ధర 40 రూపాయలు అనుకుందాం. టోకు ధరపై 25 శాతం కలిపితే 25 రూపాయలు. చిల్లర ధరలో 25 శాతం తగ్గిస్తే 30 రూపాయలు. కాబట్టి 25, 30 రూపాయల మధ్య ఎక్కడ ధర నిర్ణయించినా ఇరుపక్షాలకు లాభమే. రైతుకు కిలోకు కనీసం 5 రూపాయలు, వినియోగదారునికి కనీసం 10 రూపాయలు మిగులుతాయి.

అయితే ఈ సూత్రానికి ఒక పరిమితి ఉన్నది. టోకు ధర 20 రూపాయలే ఉండి, చిల్లర ధర 30 రూపాయలు మాత్రమే ఉన్నప్పుడు మొదటి లెక్క ప్రకారం ధర 25 రూపాయలకు తగ్గకూడదు, రెండవ లెక్క ప్రకారం 22 రూపాయల 50 పైసలకు మించకూడదు. రెండూ ఒకేసారి సాధ్యం కావు. చిల్లర ధర టోకు ధరకు కనీసం 1.67 రెట్లు ఉన్నప్పుడే సూత్రం పూర్తిగా వర్తిస్తుంది. అనగా దళారీ అంతరం ఎంత ఎక్కువగా ఉంటే రైతుబజారు అంత బాగా పనిచేస్తుంది. పోటీ వల్ల బయటి ధరలు దిగివచ్చినప్పుడు రైతుకు, వినియోగదారునికి మధ్య పంచవలసిన మిగులు కూడా తగ్గిపోతుంది. అటువంటి రోజులలో ఎవరి వైపు మొగ్గాలన్నది ధరలు నిర్ణయించేవారి విచక్షణపై ఆధారపడుతుంది.

రైతుబజారులో కొననివారికి కూడా ఈ పట్టిక ఉపయోగపడుతుంది. బయట తోపుడు బండి వద్ద బేరమాడే గృహిణికి, పొలం గట్టున వర్తకునితో బేరమాడే రైతుకు కూడా అది ఒక ప్రమాణంగా నిలుస్తుంది.

ఆశయాలు

రైతుబజార్ల ఆశయాలను ఈ క్రింది విధంగా సంగ్రహించవచ్చును.

• రైతుకు గిట్టుబాటు ధర, అమ్మిన వెంటనే చేతికి నగదు.
• వినియోగదారునికి తాజా కూరగాయలు, సరైన తూకం, న్యాయమైన ధర.
• ధరలను బహిరంగంగా ప్రదర్శించుట.
• చిన్న, సన్నకారు రైతులకు, మహిళా సంఘాలకు ప్రాధాన్యం.
• పట్టణాల చుట్టూ కూరగాయల సాగును ప్రోత్సహించుట.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతం

భౌగోళిక స్థితి

ఏలూరు 2022 ఏప్రిల్ 4 వరకు ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాకు కేంద్రం. ఆ తేదీన జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఏలూరు పేరుతోనే ఏర్పడిన కొత్త జిల్లాకు కేంద్రమైంది. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా గల పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్నది. రెండు పట్టణాలూ చెన్నై - హౌరా రైలు మార్గం మీద ఉన్నాయి. కృష్ణా నదినుండి వచ్చే కాలువ, గోదావరి నదినుండి వచ్చే కాలువ ఏలూరు వద్ద కలుస్తాయి. పట్టణానికి దక్షిణాన రెండు నదుల డెల్టాల మధ్య పల్లపు ప్రాంతంలో కొల్లేరు సరస్సు ఉన్నది.

ఈ ప్రాంతపు కూరగాయల సరఫరాను అర్థం చేసుకొనాలంటే నేల తీరును గమనించాలి. కాలువ నీరు పారే డెల్టా గ్రామాలలో వరి, దానికి దిగువన చేపల చెరువులు ఎక్కువ. నీరు నిలిచే పల్లపు భూమిలో కూరగాయలు నిలవవు. అందువల్ల పెదవేగి, దెందులూరు, లింగపాలెం మండలాల వైపు ఉన్న మెట్ట భూములే ఏలూరుకు ముఖ్యమైన ఆధారం. ఇదే మెట్టలో పండే నిమ్మకాయలకు ఏలూరు ఒక పెద్ద టోకు మార్కెట్. ఇక్కడినుండి నిమ్మకాయలు ఉత్తరాది రాష్ట్రాలకు ఎగుమతి అవుతాయి.

రైతుబజార్లు

ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలో ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం, తణుకు మొదలైన పట్టణాలలో రైతుబజార్లు ఏర్పాటయ్యాయి. ఏలూరు పట్టణంలో పత్తేబాద రైతుబజారు ప్రముఖమైనది. మెట్ట గ్రామాల రైతులు తెల్లవారుజామునే సరుకుతో పట్టణానికి చేరుకుంటారు.

తాడేపల్లిగూడెం సమీపంలోని వెంకటరామన్నగూడెం వద్ద 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం స్థాపించబడింది. దీనికి తరువాత డాక్టర్ వై.ఎస్.ఆర్. పేరు పెట్టబడింది. కూరగాయలు, పండ్లు, పూల సాగులో పరిశోధన, బోధన ఇక్కడ జరుగుతున్నవి.

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్

తాడేపల్లిగూడెం కోస్తా ఆంధ్రలో ఉల్లిపాయల టోకు వ్యాపారానికి పేరుపొందిన పట్టణం. ఉల్లి ఇక్కడ పండే పంట కాదు. కర్నూలు జిల్లానుండి, మహారాష్ట్రనుండి లారీలలో వచ్చే ఉల్లిని ఇక్కడి వర్తకులు కొని పరిసర జిల్లాలకు సరఫరా చేస్తారు. జాతీయ రహదారి, రైలు మార్గం రెండూ అందుబాటులో ఉండడం ఇందుకు తోడ్పడింది.

రైతుబజారు పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకొనడానికి ఉల్లి మంచి ఉదాహరణ. పెదవేగి రైతు వంకాయలను ఉదయం ఏలూరులో అమ్మి మధ్యాహ్నానికి ఇంటికి చేరగలడు. వందల కిలోమీటర్ల దూరంలోని కర్నూలు ఉల్లి రైతు ప్రతిరోజూ తాడేపల్లిగూడెం వచ్చి చిల్లరగా అమ్మలేడు. దూరపు సరుకుకు రవాణా, నిలువ, పెట్టుబడి కావాలి. ఆ పని చేసే టోకు వర్తకుడు అవసరమే. కాబట్టి రైతుబజారు దగ్గరి పంటకు దళారీ లేకుండా చేయగలదు గాని, దూరపు పంటకు చేయలేదు.

కొల్లేరు చేపలు

కొల్లేరు పరిసరాలలో చేపల పెంపకం ప్రధాన వృత్తి. బొచ్చె, శీలావతి వంటి చేపలను చెరువులలో పెంచి, పట్టిన వెంటనే మంచుముక్కలతో పెట్టెలలో సర్ది లారీలలో పశ్చిమ బెంగాల్‌కు, ఈశాన్య రాష్ట్రాలకు పంపుతారు. కైకలూరు, ఆకివీడు ఈ వ్యాపారానికి ముఖ్య కేంద్రాలు. దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్ర ప్రదేశ్ అగ్రస్థానంలో ఉన్నప్పటికీ ఇక్కడి చేపలో ఎక్కువ భాగం రాష్ట్రం వెలుపలికే వెళుతుంది. స్థానిక వినియోగాన్ని పెంచేందుకు ప్రభుత్వం తరువాతి కాలంలో 'ఫిష్ ఆంధ్ర' పేరుతో విక్రయ కేంద్రాలను ప్రోత్సహించింది.

రైతుబజార్లు ప్రధానంగా కూరగాయలకే పరిమితమైనవి. అందువల్ల కొల్లేరు పక్కనే ఉన్న ఏలూరులో కూడా చేపల వ్యాపారం వేరొక మార్గంలో, టోకు వర్తకుల ద్వారానే సాగుతుంది.

ధరలు పెరిగినప్పుడు, తగ్గినప్పుడు

ధరలు విపరీతంగా పెరిగిన సమయాలలో ప్రభుత్వాలు రైతుబజార్లను రాయితీ విక్రయాలకు ఉపయోగించుకున్నాయి.

2019 నవంబరు, డిసెంబరు నెలలలో ఉల్లి ధర బహిరంగ మార్కెట్‌లో కిలో వంద రూపాయలు దాటింది. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం ఉల్లిని కొనుగోలు చేసి రైతుబజార్లలో కిలో 25 రూపాయలకు అమ్మించింది. రాష్ట్రంలో అనేకచోట్ల రైతుబజార్ల ముందు ప్రజలు గంటల తరబడి వరుసలలో నిలబడవలసి వచ్చింది.

2020లో కోవిడ్-19 వ్యాధి వలన లాక్‌డౌన్ విధించినప్పుడు రద్దీ నివారణకై పట్టణాలలో రైతుబజార్లను మైదానాలకు, విశాలమైన స్థలాలకు తరలించారు. వాహనాలపై సంచార రైతుబజార్లు కూడా నడిచాయి. రవాణా స్తంభించిన ఆ రోజులలో చుట్టుపక్కల పొలాలనుండి వచ్చే కూరగాయలే పట్టణాలకు ఆధారమయ్యాయి.

2023 వేసవి తరువాత టమాటా ధర కిలో వంద రూపాయలు దాటగా, ప్రభుత్వం టమాటాలు కొని రైతుబజార్లలో కిలో 50 రూపాయల చొప్పున అమ్మించింది.

2025లో పరిస్థితి తారుమారైంది. కర్నూలు ఉల్లి ధర పడిపోవడంతో ప్రభుత్వం క్వింటాలుకు 1,200 రూపాయల చొప్పున కొనుగోలు చేసి, కొంత సరుకును రైతుబజార్ల ద్వారా విక్రయించడానికి పూనుకొన్నది. ఆరేళ్ళ వ్యవధిలో ఒకే ఉల్లి ఒకసారి వినియోగదారుని కోసం, మరొకసారి రైతు కోసం ప్రభుత్వ జోక్యానికి కారణమైంది.

పర్యావరణం, సుస్థిరత

రైతుబజారు పథకం పర్యావరణ పథకంగా రూపొందినది కాదు. అయినను దాని నిర్మాణంలోనే కొన్ని అనుకూలాంశాలు ఉన్నాయి. సరుకు తక్కువ దూరం ప్రయాణిస్తుంది. కోసిన కొన్ని గంటలలోనే అమ్ముడుపోతుంది కనుక శీతల గిడ్డంగి అవసరం తక్కువ. కూరగాయలు విడిగా తూచి వినియోగదారుని సంచిలో వేయబడతాయి. ప్యాకింగు ఉండదు. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులపై దేశవ్యాప్తంగా 2022 జూలై 1నుండి నిషేధం అమలులోకి వచ్చింది. 2022 డిసెంబరు 31నుండి 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ సంచులు నిషేధించబడ్డాయి. ఇంటినుండి గుడ్డ సంచి తెచ్చుకొనే పాత అలవాటు ఈ విధంగా మరల చట్టబద్ధమైన అవసరంగా మారింది.

వ్యర్థాలు

కూరగాయల మార్కెట్లలో ఆకులు, తొక్కలు, కుళ్ళిన కాయలు పెద్ద మొత్తంలో పోగుపడతాయి. వీటిని చెత్తకుప్పలో వేస్తే మీథేన్ వాయువు వెలువడుతుంది, వేరుచేసి వాడితే ఎరువు గాని, ఇంధనం గాని లభిస్తుంది. హైదరాబాదులోని బోయినపల్లి టోకు కూరగాయల మార్కెట్‌లో వ్యర్థాలతో నడిచే బయోగ్యాస్ కేంద్రం ఇందుకు ఉదాహరణ. అక్కడ రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాలనుండి 500 యూనిట్ల వరకు విద్యుత్తు ఉత్పత్తి అవుతుందని 2021 జనవరిలో వార్తలకెక్కింది. చిన్న రైతుబజార్లకు ఇంత పెద్ద కేంద్రం అవసరం లేకపోయినా, వ్యర్థాలను వేరుచేసి ఎరువుగా మార్చే పద్ధతి వర్తిస్తుంది.

పురుగుమందులు, ఏలూరు అనుభవం

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు పట్టణంలో ఆరు వందల మందికి పైగా ప్రజలు మూర్ఛ, స్పృహ కోల్పోవడం వంటి లక్షణాలతో ఆసుపత్రి పాలయ్యారు. చాలామంది ఒకటి రెండు రోజులలో కోలుకున్నారు. రోగుల రక్త నమూనాలలో సీసం, నికెల్ లోహాలు గుర్తించబడ్డాయి. నీరు, పాలు, కూరగాయలు, నేల నమూనాలను పరిశీలించిన నిపుణుల సంస్థలు పురుగుమందుల అవశేషాలు ముఖ్య కారణం కావచ్చునని అభిప్రాయపడి, అవి శరీరంలోనికి చేరిన మార్గంపై దీర్ఘకాలిక అధ్యయనం అవసరమని సూచించాయి.

ఈ సంఘటన ఏ ఒక్క మార్కెట్‌కో, అమ్మకందారుకో సంబంధించినదని తేలలేదు. అయితే తాజాగా కనబడే కూరగాయ సురక్షితమైనదేనా అన్న ప్రశ్నను అది ప్రజల ముందుంచింది. ధరల పట్టిక ధరను చెబుతుంది, తూకపు యంత్రం బరువును చెబుతుంది, పురుగుమందు సంగతి మాత్రం ఈ రెండూ చెప్పవు. కంటికి కనబడని ఈ విషయాన్ని ప్రయోగశాల పరీక్ష గాని, పండించిన రైతును గుర్తించగలిగే పద్ధతి గాని మాత్రమే చెప్పగలవు. ఎవరి సరుకో తెలిసే గుర్తింపు కార్డు పద్ధతి ఉన్న రైతుబజారుకు ఇక్కడ ఒక సహజమైన అనుకూలత ఉన్నది.

ఆంధ్ర ప్రదేశ్‌లో 2016నుండి ప్రకృతి వ్యవసాయాన్ని రైతు సాధికార సంస్థ ద్వారా ప్రభుత్వం ప్రోత్సహిస్తున్నది. ఈ పద్ధతిలో పండిన కూరగాయలకు కొన్ని రైతుబజార్లలో ప్రత్యేక దుకాణాలు కేటాయించారు.

కొల్లేరు

రైతుబజార్లు మొదలైన 1999లోనే కొల్లేరును ప్రభుత్వం వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. సముద్ర మట్టానికి +5 అడుగుల కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం దీనిలో చేరింది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేరింది. సరస్సులో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లను 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో తొలగించారు. దీని వలన జీవనాధారం కోల్పోయిన గ్రామాల సమస్య, కాంటూరు తగ్గించాలన్న కోరిక తరువాత కూడా కొనసాగినవి.

బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు, అనేక మురుగు కాలువలు కొల్లేరులో కలుస్తాయి. ఉప్పుటేరు ద్వారా నీరు బంగాళాఖాతానికి చేరుతుంది. పొలాలలో చల్లిన ఎరువులు, పురుగుమందులు, పట్టణాల మురుగు కూడా ఇదే దారిన సరస్సుకు చేరుతాయి. మెట్టమీది కూరగాయల చేనులో చల్లిన మందు వర్షపు నీటితో కలిసి చివరకు కొల్లేరు చేపకు, అటపాక వద్ద గూళ్ళు కట్టుకొనే పెలికాన్ పక్షికి చేరగలదు. అందువల్ల ఈ ప్రాంతంలో కూరగాయల సాగులో మందుల వాడకం తగ్గడం, సరస్సు ఆరోగ్యం పరస్పర సంబంధం గల విషయాలు.

సూపర్‌మార్కెట్లతో పోలిక

రైతుబజార్లు మొదలైన దశకంలోనే దక్షిణ భారతంలో ప్రైవేటు సూపర్‌మార్కెట్లు విస్తరించాయి. 1996లో చెన్నైలో మొదలైన ఫుడ్‌వరల్డ్, హైదరాబాదు కేంద్రంగా ఎదిగిన త్రినేత్ర వీటిలో ముందు వచ్చినవి. 2001లో హైదరాబాదులో 'జెయింట్' పేరుతో భారీ విక్రయశాల ప్రారంభమైంది. రిలయన్స్ ఫ్రెష్ తన తొలి దుకాణాలను 2006 నవంబరులో హైదరాబాదులోనే తెరిచింది. చంద్రబాబునాయుడు 1992లో స్థాపించిన హెరిటేజ్ ఫుడ్స్ సంస్థ 'హెరిటేజ్ ఫ్రెష్' దుకాణాలను నడిపి, 2016లో ఆ విభాగాన్ని ఫ్యూచర్ రిటైల్‌కు అమ్మివేయడానికి నిర్ణయించింది. త్రినేత్రను ఆదిత్య బిర్లా గ్రూపు 2007లో కొనుగోలు చేసి 'మోర్' పేరుతో విస్తరించింది. ఈ విధంగా ప్రైవేటు గొలుసులు యజమానులు, పేర్లు మారుతూ రాగా రైతుబజారు పేరు మారకుండా ఉన్నది.

సూపర్‌మార్కెట్ సంస్థలు రైతులనుండి సేకరణ కేంద్రాల ద్వారా సరుకు కొంటాయి. పరిమాణం, రంగు ప్రకారం కాయలను ఏరి తీసుకుంటాయి. ఏరగా మిగిలిన వంకర కాయ, చిన్న కాయ రైతుకే మిగులుతాయి. రైతుబజారులో వంకర కాయకు కూడా కొనుగోలుదారు దొరుకుతాడు. మరొకవైపు సూపర్‌మార్కెట్‌లో రాత్రి వరకు సరుకు దొరుకుతుంది, శీతలీకరణ ఉంటుంది, రశీదు ఇస్తారు, రైతు తన పొలం విడిచి రోజంతా కూర్చోవలసిన పని లేదు. రైతుబజారులో రైతు ఆర్జించే అదనపు సొమ్ములో కొంత భాగం నిజానికి అతడు అమ్మకానికి వెచ్చించిన సమయానికి కూలి మాత్రమే.

విమర్శలు, పరిమితులు

• రైతుల ముసుగులో చిల్లర వర్తకులు ప్రవేశించడం అన్ని ప్రాంతాలలోను వినవచ్చే ఫిర్యాదు. గుర్తింపు కార్డు ఒకరిది, అమ్మేది మరొకరు కావడం, సాగు చేయని పంటను అమ్మడం దీనికి సూచనలు.
• కార్డు ఇచ్చేటప్పుడు భూమి రికార్డులను పరిశీలించడం వలన కౌలు రైతులకు కార్డు పొందడం కష్టమవుతుంది. కౌలు సాగు అధికంగా గల గోదావరి జిల్లాలలో ఇది ముఖ్యమైన సమస్య.
• ధరల పట్టికలోని ధరకు, దుకాణంలో అడిగే ధరకు తేడా ఉండడం.
• శీతల గిడ్డంగులు, రైతుల విశ్రాంతి గదులు, మరుగుదొడ్లు అన్నిచోట్ల చాలినంతగా లేకపోవడం.
• పట్టణం పెరిగిన కొద్దీ రైతుబజారు స్థలం విలువ పెరిగి, ఇతర అవసరాలకు కోరబడడం.
• పట్టణ విస్తరణ వలన, చేపల చెరువుల విస్తరణ వలన సమీపంలోని కూరగాయల భూములు తగ్గిపోవడం. దగ్గరి పొలం లేనప్పుడు రైతుబజారుకు ఆధారమే ఉండదు.

వీటిలో మొదటి రెండు పరస్పర విరుద్ధమైనవిగా కనబడతాయి. తనిఖీ కఠినంగా ఉంటే కౌలు రైతు బయట మిగిలిపోతాడు, సడలిస్తే వర్తకుడు లోపలికి వస్తాడు. భూమి పత్రాన్ని కాక, నిలిచి ఉన్న పంటను చూసి కార్డు ఇవ్వడమే దీనికి మార్గం. పథకం తొలి మార్గదర్శకాలలో అధికారుల బృందం గ్రామానికి వెళ్ళి చేనును పరిశీలించాలని చెప్పడంలోని ఉద్దేశం ఇదే. ఆ పరిశీలన ప్రతి పంట కాలానికి మరల జరిగినచోట రైతుబజారులో రైతులే కనబడతారు.

ఇవి కూడా చూడండి

• సంత
• ఏలూరు
• తాడేపల్లిగూడెం
• కొల్లేరు సరస్సు
• ప్రకృతి వ్యవసాయం